అక్క కంచంలో మాత్ర

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. మా ఊరు ఐరాలలో ఆమె కుట్టిన రవిక తొడుక్కోకుండా పెళ్లిపీటల మీద కూర్చున్న ఆడపిల్లలు తక్కువ. అలాంటి మనిషి ముప్పై దాటాక ఉన్నట్టుండి మిషను ముట్టడం మానేసింది. మొదట నిద్ర కరువైంది, తర్వాత తిండి. పక్కింటి పెద్దమ్మ పంపే మజ్జిగలో ఏదో కలుపుతోందని అనడం మొదలుపెట్టింది.

ఆ పెద్దమ్మ మా అక్కచెల్లెళ్లిద్దరినీ చంకనేసుకుని పెంచింది. అక్క మాటకు ఏడ్చింది గానీ కోపం తెచ్చుకోలేదు. "కాణిపాకంలో ప్రమాణం సేస్తే నమ్ముతావా పాపా?" అని తనే అడిగింది. మా వైపు ఆ స్వామి ఎదుట తడిబట్టలతో ప్రమాణం చేశాక ఇక మాట మీద మాట ఉండదు. అక్క సరేనంది. పెద్దమ్మ తలారా స్నానం చేసి, వణుకుతూ ప్రమాణం చేసింది. తిరుగు ప్రయాణంలో ఆటోలో అక్క నా చెవి దగ్గరికి వంగి, "దేవుని ముందర గూడా అబద్దం సెప్పింది, సూడు" అంది.

ఇది వైద్యానికి లొంగాల్సిన జబ్బని ఆ ఆటోలోనే నాకు తెలిసిపోయింది. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. నాయన వద్దంటున్నా వినకుండా చిత్తూరులో మానసిక వైద్యుడికి చూపించాను. ఆయన రాసిచ్చిన మాత్రల్లో అక్క ఒక్కటీ మింగలేదు. "నాకేమన్నా పిచ్చా?" అని షీటు తీసి దొడ్లోకి విసిరేసింది. ఒక చుట్టం ఉపాయం చెప్పింది, తిండిలో కలిపి పెట్టమని. ఇరవై రోజులు మాత్ర పొడి చేసి ఊరిబిండి పచ్చడిలో కలిపి, సంగటితో పెట్టాను. అక్క నిద్రపోసాగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం చపాతీ కర్రతో మాత్ర నలుపుతుంటే అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అరవలేదు. కాగితం మీది తెల్లపొడిని చూసి, "కలిపేది నువ్వా?" అంది, అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో వండింది ముట్టలేదు. తొక్క ఒలుచుకునే అరటిపండు, తనే ఉడకేసుకున్న గుడ్డు, అవే ఆమె భోజనం.

చిత్తూరు ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర నేను నిలబడి ఏడుస్తుంటే ఒకామె పలకరించింది. రిటైరైన నర్సు. ఆమె కొడుక్కీ ఇదే జబ్బు. "నెలకొక తూరి మా అట్లాంటి ఇండ్లోళ్లమంతా కలుస్తాం. మీ నాయన్ను గూడా పిల్సుకోనిరా" అంది.

చిత్తూరులో ఒక చిన్నపిల్లల బడి గది. మోకాళ్లు తగిలే బెంచీల మీద, నాయనతో సహా పెద్దవాళ్లం ఇరుక్కుని కూర్చున్నాం. నర్సమ్మ బోర్డు మీద రాస్తూ జబ్బు గురించి చెప్పింది. పెంపకం వల్ల రాదు, ఎవరి పాపమూ కాదు అన్నప్పుడు నాయన తల ఎత్తాడు. నా వంతు వచ్చింది. జాలి పడతారనుకుని అంతా చెప్పాను.

"మీ అక్క ఏమంటా ఉండె?" అని అడిగింది నర్సమ్మ.

"కూట్లో ఏందో కలపతాండారని."

"మీరేం సేసినారు?"

"కలిపినాను" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. "నేనూ మావానికి కాఫీలో కలిపినా" అంది ఆమె. "పట్టుకున్యాడు. పోయి ఒప్పుకో. ఆయమ్మి బయపడి ఏమన్నా అంటే అబద్దమని వాదించొద్దు, నిజమని తలూపొద్దు. బయమేస్తాందా అని అడుగు. యాదీ, నేనే మీ అక్కననుకో. మాట్లాడు."

నేను మాట్లాడాను. మూడుసార్లూ తప్పే. "పాఠం సెప్పొద్దు మే, అక్కతో మాట్లాడు!" అని కసిరింది. నాలుగోసారికి కుదిరింది.

ఆ సాయంత్రమే అక్క ముందు కూర్చున్నాను. "అక్కా, ఇరవై దినాలు నీకు సెప్పకుండా మాత్ర కలిపినా. ఆ మాట నువ్వు సెప్పింది నిజమే. ఇంక సెయ్యను."

అక్క తన చేతులు నా ముందుకు చాపింది. "సేతులు వణికినాయి" అంది. "సూదిలో దారం ఎక్కల్యా. అందుకే ఇసమనుకున్యా."

ఇన్నాళ్లూ ఆ చేతులు నేను చూడనేలేదు. ఆ వారమే ఇద్దరం వైద్యుడి దగ్గరికి వెళ్లాం. చేతుల సంగతి అక్కే చెప్పింది. వణుకు ఆ మాత్ర వల్లేనని ఆయన మందు మార్చాడు. అక్క పెట్టిన షరతులు రెండు: మాత్ర తనే షీటులోంచి తీసుకుంటుంది, ఒకే గిన్నెలోంచి ముందు నేను తినాలి. రెండింటికీ ఒప్పుకున్నాను.

ఒక్కరోజులో ఏదీ బాగుపడలేదు. తర్వాత ఒకసారి మళ్లీ ముదిరి ఆసుపత్రిలో చేర్చాం కూడా. కానీ ఈసారి నిద్ర తగ్గిన మూడో రోజే గుర్తుపట్టాం, ఏం చేయాలో ముగ్గురికీ తెలుసు. అక్క ఇప్పుడు స్కూలు యూనిఫాంలు కుడుతోంది. తను పనిచేసే మామిడికాయల మండీలో ఎవరన్నా అడిగితే, ఒకప్పుడు కూతురు చుట్టాలింట్లో ఉందని దాటేసిన నాయన, "జబ్బు సేసింది, మందు తింటాది, బాగుండాది" అంటున్నాడు.

నర్సమ్మకు మోకాళ్ల నొప్పులు. కొంతకాలంగా బోర్డు ముందు నేనే నిలబడుతున్నాను. ఈమధ్య అక్క కూడా వచ్చింది, తనంతట తనే. కొత్తగా వచ్చిన ఒక తండ్రి ఆమెను అడిగాడు: "మీ సెల్లెలి మింద కోపం పోయిందామ్మా?"

నేను సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను.

"కోపం ఉండాదన్నా" అంది అక్క. "అయినా మా ఇంట్లో నాకు నిజం సెప్పేది ఈ పిల్లే. అందుకే దీని సేతి కూడు తింటా ఉండా."

ఆ తండ్రి జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు. నేను బోర్డు వైపు తిరిగి, పాఠం సాగించాను.