మిగిలిన చెవి

కువైట్‌లోని జాబ్రియాలో మా చెల్లెలి ఇంటి నుంచి విమానాశ్రయానికి నన్ను తీసుకెళ్లింది పక్కింటి కువైటీ దగ్గర పనిచేసే డ్రైవరు, కడప మనిషి. అక్కడి బండ్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది; ముందు సీట్లో, ఆయన కుడిపక్కన కూర్చోబోతుంటే వద్దన్నాడు.

"నా ఎనక సీట్లో కూర్చోండి సార్. కుడి చెవి ఇనపడదు. ఎడమ చెవి పక్క నుంచి మాట్లాడండి."

ఏమైందని అడిగాను. వాళ్ల కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆ కువైటీ యజమాని, ఏటా చలికాలంలో వేరే దేశానికి జింకల వేటకు వెళ్తాడట. ఈయన్నీ వెంట తీసుకెళ్తాడు. బైనాక్యులర్స్ పట్టుకుని రైఫిల్ పక్కనే నిలబడటం ఈయన పని. అలా ఏళ్లు గడిచేసరికి ఆ చెవి పోయింది.

"ఇప్పుడు బాధ లేదులే సార్. తుపాకీ మూతికి సైలెన్సర్ బిగిచ్చినాడు."

"సినిమాల్లోలా చప్పుడే రాదా?"

"యాడ సార్! చప్పుడు బాగానే వస్తాది. కాకపోతే చెవిలో గుయ్యిమనదు."

ఆలస్యంగానైనా యజమానికి జాలి కలిగిందన్నమాట అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను మామూలుగానే చూశాడు.

"నాకోసం కాదు సార్. కొత్తగా వేటకుక్కను తెచ్చినాడు. ఆ పేలుడుకు దాని చెవులు పోతాయని పశువుల డాక్టరు చెప్పినాడు."

సిగ్నల్ దగ్గర బండి ఆపి, మళ్లీ ఆయనే అన్నాడు.

"మంచి కుక్క సార్. అదొచ్చినందుకే నాకీ చెవన్నా మిగిలింది."