ఇద్రీస్ సైజు జాకెట్

దోహాకు ఉత్తరాన, ఉమ్ సలాల్ తోటలు దాటాక, రెండో డివిజన్‌లో ఆడే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటుంది. అక్కడ ఆటగాళ్ళ బట్టలు, బూట్లు, బంతులు చూసుకునేవాడు మారుతి. మెట్‌పల్లి దగ్గరి ఊరు. పేరుకు కిట్ మ్యాన్. "మీ ఆయన దుబాయ్‌ల ఏం పనిజేస్తడే?" అని, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఊళ్ళో ఎవరైనా అడిగితే, "ఆటగాళ్ళ కంపెనీల మేనేజర్" అనేస్తుంది భార్య గంగామణి. మారుతి ఆ మాటను ఎప్పుడూ దిద్దలేదు. ఉతికే మెషీన్ల మధ్య ఉంటానని తెలిస్తే నలుగురిలో ఆమె చిన్నబోతుందని.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. పనిచేసే ప్రతి ఒక్కరి జాకెట్ మీదా వాళ్ళ పేరులోని మొదటి అక్షరాలుంటాయి. వాటిని వేడి ప్రెస్సు కింద పెట్టి మారుతే అతికిస్తాడు. హెడ్ కోచ్ జాకెట్ మాత్రం వేరు. ముదురు నీలం, చేతుల పొడవునా తెల్లచార. కోచ్ మారినప్పుడల్లా, కొత్తాయన విమానం దిగేలోపల ఆ జాకెట్ అక్షరాలతో సహా కొక్కేనికి వేలాడాలి. మారుతి చేరాక చాలామంది కోచ్‌లు మారారు. అందరూ యూరప్ నుంచి వచ్చినవాళ్ళే. కొందరు మంచివాళ్ళు, కొందరు ఎండకు విసుక్కునేవాళ్ళు.

ఒకరు వెళ్ళి మరొకరు వచ్చే మధ్యకాలంలో జట్టును నడిపేది అసిస్టెంట్ కోచ్ ఇద్రీస్. సూడాన్ మనిషి. బాగా నలుపు, మంచి ఎత్తు, గుమ్మం నిండే భుజాలు. ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ జట్టు కుదురుగా ఆడేది. అంతలో కొత్త కోచ్ ఖాయమయ్యేవాడు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళి తీసుకొచ్చేదీ ఇద్రీసే. కొత్తాయనకు అందరినీ పరిచయం చేస్తూ నవ్వేవాడు. పెదాల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయే ఆ నవ్వు మారుతికి బాగా తెలుసు.

ఏటా జాకెట్లు తెప్పించేటప్పుడు మారుతి హెడ్ కోచ్ జాకెట్ ఒకటి ఎక్కువ రాసేవాడు. అదీ చాలా పెద్ద సైజులో. ఆఫీసు చూసుకునే ఖమర్ సుల్తానా, హైదరాబాద్ మలక్‌పేట ఆవిడ, ప్రతి ఏడూ పట్టుకునేది.

"మారుతి భాయ్, మళ్ళా ఇంత పెద్ద సైజు రాసినవ్. దీంట్ల ఇద్దరు కోచ్‌లు పడతరు."

"తప్పు పడ్డదక్కా. ఉండనియ్యి, చలికాలం నేనే కప్పుకుంట."

ఆవిడ నవ్వి సంతకం పెట్టించేది. ఆ జాకెట్ అక్షరాలు లేకుండా అరలో వెనక్కి చేరేది.

ఇద్రీస్ అంటే మారుతికి ఎందుకంత గౌరవమో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మారుతి ఖతార్ వచ్చింది కూలీలుండే కంపెనీ క్యాంప్‌లో ఉండి మైదానాల్లో గడ్డి పరిచే పనికి. వేసవి ఎండలో మోకాళ్ళ మీద పాకుతూ చుట్టలు చుట్టిన పచ్చగడ్డిని పరిచేవాడు. ఆ రోజుల్లోనే ఈ క్లబ్బులో కిట్ మ్యాన్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇంగ్లిష్ వచ్చినవాళ్ళని ఇద్దరిని పిలిచారు. "బయట గడ్డి పరుస్తున్న అతన్ని కూడా పిలవండి. అడిగితే పోయేదేముంది?" అన్నాడట ఇద్రీస్. బురద చేతులతో మారుతి ఏసీ గదిలో నిలబడ్డాడు. ఇద్రీస్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మిగతా ఇద్దరిని అడిగిన ప్రశ్నలే తనకొచ్చిన కాస్త హిందీలో అడిగాడు.

"ఈ పని నీకెందుకు కావాలి?"

"నీడకు రావాలె సార్."

గదిలో అందరూ పకపకా నవ్వారు. ఇద్రీస్ మాత్రం నవ్వలేదు. "సరైన కారణమే" అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ వేసవి తర్వాత మారుతి మళ్ళీ ఎండలో మోకాళ్ళూనలేదు. జీతం పెరిగిన సంగతి అలా ఉంచితే, తనను కూర్చోబెట్టి అడిగారన్న సంగతే అతనికి పండగ.

ఈ ఏడు సీజన్ మధ్యలో హెడ్ కోచ్ సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎప్పటిలాగే ఇద్రీస్ పగ్గాలు పట్టాడు. కింద ఎక్కడో ఉన్న జట్టు పైకి ఎగబాకింది. శుక్రవారం మ్యాచ్‌లకు క్యాంపుల నుంచి మన జగిత్యాల, నిర్మల్ వాళ్ళు బస్సుల్లో వచ్చి స్టాండు నింపేవారు. డప్పు కూడా తెచ్చేవారు. ఈసారైనా ఆ పెద్ద జాకెట్ బయటికి వస్తుందేమోనని మారుతి లోలోపల ఎదురుచూస్తుండగా, ఖమర్ సుల్తానా కిట్ గది తలుపు దగ్గరికొచ్చింది.

"జాకెట్ రెడీ పెట్టుకో భాయ్. వచ్చే సీజన్‌కు యూరప్‌ల ఇద్దరిని చూస్తున్నరు. ఎవరో ఒకరు వస్తరు."

"ఇద్రీస్ సాబ్‌ను పిలిచి మాట్లాడిన్రా?"

"ఆయన్ని పిలుసుడెందుకు? ఆయన ఇక్కడనే ఉన్నడు గద!"

ఆవిడ వెటకారంగా అనలేదు. ఆఫీసులో అందరూ అనే మాటే అది. మారుతికి మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఏం చేయాలో తోచలేదు. తను మాట్లాడితే వినేదెవరు? మాట్లాడినందుకు ఉద్యోగం పోతే? ఊళ్ళో నాలుగేళ్ళ కూతురు సుహాసిని ఉంది. రాత్రి దగ్గినా, పగలు తినకపోయినా ఇక్కడ అతని గుండె జారిపోతుంది. గంగామణికి ఇంకో దిగులు. "పిల్ల నల్లగ అయితుందయ్యా. అక్కడ తెల్లగయ్యే క్రీమ్ మంచిది దొరుకుతదట, పంపు" అని ఫోనులో రోజూ పోరు. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక దుకాణంలో కొని పెట్టెలో పడేశాడు కూడా.

ఆ నెలలోనే తెలుగు సంఘం వాళ్ళ వార్షికోత్సవం వచ్చింది. సంఘం పెద్ద రామమోహన్, విజయవాడ ఇంజనీరు, మనసున్న మనిషి. క్యాంపుల వాళ్ళంతా అభిమానించే జట్టు కాబట్టి కోచ్‌కు సన్మానం చేద్దామని ఆయనే అన్నాడు. క్లబ్బు డైరెక్టరును, అంటే అందరూ ముదీర్ అని పిలిచే ఖతారీ పెద్దమనిషిని, ముఖ్య అతిథిగా పిలిచారు. ఇద్రీస్‌తో పాటు ఆటగాళ్ళకు కసరత్తు చేయించే పావెల్ అనే కుర్రాడూ వచ్చాడు. తెల్లటివాడు, కొత్తగా చేరినవాడు. ఆ సాయంత్రం క్యాంపుల వాళ్ళకు డ్యూటీ; హాలు నిండా ఉన్నది సంఘం కుటుంబాలే, రామమోహన్‌తో సహా ఎవరూ మ్యాచ్‌కు వచ్చి ఇద్రీస్‌ను చూసినవాళ్ళు కారు.

పిల్లలకు పంచడానికి తెచ్చిన బంతుల సంచి బరువుగా ఉంటే, అలవాటుకొద్దీ ఇద్రీస్ దాన్ని భుజాన వేసుకుని మారుతి వెంట వేదిక పక్క నుంచి ఎక్కాడు. పావెల్ ముందు వరుస కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడు మన అభిమాన జట్టు కోచ్ ఇద్రీస్ గారికి సన్మానం!" అని మైకులో వినిపించింది. చప్పట్లు మోగాయి. రామమోహన్ శాలువా విప్పి, గబగబా వచ్చి, చిరునవ్వుతో పావెల్ భుజాల చుట్టూ కప్పాడు. చేతిలో పూలగుత్తి పెట్టాడు. ఫోటోలు టపటపా పడ్డాయి. పావెల్ ముఖం ఎర్రబడింది. అతను వేలితో అటు చూపిస్తున్నాడు కానీ, సిగ్గుపడుతున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మారుతి నోటి నుంచి కేక దానంతటదే వచ్చింది. "సార్! సార్! ఆయన కాదు సార్, మా కోచ్ ఈయన!"

చప్పట్లు ఆగిపోయాయి. రామమోహన్ వెనక్కి తిరిగి, సంచి మోస్తున్న మనిషిని అప్పుడు చూశాడు. చూసి, తలదించుకున్నాడు.

"క్షమించండి. నేను... చూడగానే అనుకున్నానండి" అంటూ శాలువా తెచ్చి ఇద్రీస్‌కు కప్పబోయాడు. అది ఆ భుజాలకు చాలలేదు.

"ఫరవాలేదు. ఇంత చిన్న శాలువా నాకోసం కాదని నేనూ అనుకున్నాను" అన్నాడు ఇద్రీస్ ఇంగ్లిష్‌లో. అందరూ తేలికపడి నవ్వారు. ఆయనా నవ్వాడు. అదే నవ్వు, పెదాల దగ్గర ఆగిపోయే నవ్వు.

భోజనాల దగ్గర ముదీర్ పళ్ళెం పట్టుకుని మారుతి పక్కకొచ్చాడు. బొంబాయితో వ్యాపారం చేసిన ఇంటివాడు, హిందీ బాగా వచ్చు.

"కోచ్ ఆ తెల్ల కుర్రాడే అని మీవాళ్ళకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలే సాబ్. చూసి అనుకున్నరు."

ముదీర్ బగారన్నం కలుపుకోసాగాడు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడలేనని మారుతికి అనిపించింది.

"సాబ్, ఒక్క మాట. నన్ను పనిలకు తీసుకునేటప్పుడు ఇద్రీస్ సాబ్ కూసోబెట్టి అడిగిండు. గడ్డి పరిచేటోన్ని, నన్ను అడిగిండు. ఆయనకు పని ఇయ్యమని నేను అంటలేను. అది మీ ఇష్టం. అందరి లెక్కనే ఒక్కసారి ఆయన్ని గూడ అడుగుండ్రి."

ముదీర్ పళ్ళెం కింద పెట్టాడు. "ఇన్నేళ్ళలో మేము అడగనే లేదు కదూ" అన్నాడు, తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు. చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం మారుతి భయంభయంగానే డ్యూటీకి వెళ్ళాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒక పొద్దున ఖమర్ సుల్తానా పరుగున వచ్చింది. "భాయ్! ఇద్రీస్ సాబ్ లోపల ఉన్నడు. బయటోళ్ళిద్దరిని ఏం అడిగిన్రో గవే అడుగుతున్నరు. నేనే టైపు చేసిన!"

ఇద్రీస్ ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తిన్నగా కిట్ గదికి వచ్చి, ఉతికిన తువ్వాళ్ళ గుట్ట మీద కూలబడ్డాడు.

"ఎట్లయింది సాబ్?"

"అడిగారు మారుతీ" అన్నాడాయన. "జవాబులన్నీ ఎన్నేళ్ళ నుంచో నా దగ్గరే ఉన్నాయి. ఇవాళ అడిగారు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, ఇది మాత్రం నాకు దక్కింది."

కబురు రావడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. వచ్చింది మాత్రం మంచి కబురే. ముదీర్ స్వయంగా కిట్ గదికి వచ్చి, "హెడ్ కోచ్ జాకెట్ కావాలి. అయితే ఆయన సైజు ఎక్కడ దొరుకుతుందో, ఏమిటో" అన్నాడు.

మారుతి అరలో వెనక్కి చేయి పెట్టి, జాకెట్లు బయటికి తీశాడు. ఒకటి కాదు, ఏడాదికొకటి చొప్పున దాచినవన్నీ. ముదీర్ వాటివైపు, మారుతివైపు మార్చి మార్చి చూసి, అతని భుజం తట్టాడు. తలుపు దగ్గర ఖమర్ సుల్తానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చలికాలం నేనే కప్పుకుంట అన్నవ్ గద భాయ్!"

ప్రెస్సు వేడెక్కింది. మారుతి అక్షరాలను వంకర లేకుండా సర్ది, పైపలక దించాడు. ఇద్రీస్ వచ్చి జాకెట్ తొడుక్కుని, చేతులు చాచి చూసుకున్నాడు. భుజాల దగ్గర సరిగ్గా అతికినట్టు కుదిరింది. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడా ఆగలేదు.

"నువ్వు అడిగిన సంగతి ముదీర్ చెప్పాడు. నువ్వు చేసిన మేలు మరిచిపోను మారుతీ."

"మొదలు మీరు అడిగిన్రు సాబ్. నేను మళ్ళా మీకోసం అడిగిన, గంతే."

సాయంత్రం గంగామణి వీడియో కాల్ చేసింది. "క్రీమ్ ఎప్పుడు పంపుతున్నవయ్యా?"

"పంపుతలేను. దుకాణంల వాపస్ ఇచ్చిన. పిల్ల ఎట్లున్నదో గట్లనే మంచిగున్నది."

ఆమె ఏదో అనబోయేలోగా సుహాసిని ఫోను లాక్కుంది. తెరలో మారుతి వెనక, నీలం జాకెట్‌లో నడుస్తున్న పెద్ద మనిషి కనిపించాడు.

"డాడీ, ఆయన ఎవరు?"

"మా పెద్ద కోచ్ బిడ్డా. మీ డాడీకి నీడ చూపెట్టినాయన. నమస్తే పెట్టు."

పిల్ల రెండు చేతులూ జోడించింది. ఇద్రీస్ వంగి, ఫోనుకు ఎదురుగా నిలబడి, తనూ జోడించాడు.