హుసేన్‌బీ తాలూకు ఎవరు?

అనంతపురంలో దిగేసరికి ఉదయం తొమ్మిదీ నలభై. మంచుకొండల మీది మా పోస్టు నుంచి కిందికి ఆరు గంటల నడక, ఆ తర్వాత ట్రక్కు, రెండు రైళ్లు. భార్యను ఆసుపత్రిలో చేర్చారని ఫోను వస్తే బయల్దేరాను, మొత్తం మూడున్నర రోజులు. భుజాన కిట్టు సంచి, కాళ్లకు ఇంకా మంచు బూట్లే. జూన్ నెల. వాన జాడ లేదు, గాలి దుమ్మెత్తి పోస్తోంది. గుత్తి దాటినప్పటి నుంచీ దున్ని పెట్టిన ఎర్రచేలే కనిపించాయి. పదును లేక ఎవరూ వేరుశనగ విత్తలేదు.

మా ముదిగుబ్బలో అందరూ నన్ను మంచు గురించి అడుగుతారు. యాడ బాగా కష్టపడినావు హవల్దారన్నా అంటారు. నా జవాబు వాళ్లకు నచ్చదు. అనంతపురంలో ఒక ఆసుపత్రి, రెండో అంతస్తు, నెలలు నిండని పిల్లల వార్డు. అక్కడ ముప్పై నాలుగు రోజులు డ్యూటీ చేశాను.

ఆ ఉదయం ఆసుపత్రి గేటు దగ్గర బామ్మర్ది నిలబడి ఉన్నాడు.

"అక్కకు బీపీ ఎక్కువై ఫిట్స్ వచ్చినాయి బావా. నిన్న మధ్యాన్నం కోసి తీసినారు. ఏడో నెల. మగపిల్లోడు. అక్క ఇంగా తెలివిలో లేదు."

"బిడ్డను చూసినావా?"

"నన్ను పైకి ఇడ్సలేదు. తండ్రే రావల్లంట."

పైకి వెళ్లాను. అద్దం అవతల ఆరు గాజుపెట్టెలు. చూసే వేళ పదకొండు నుంచి పన్నెండు, మళ్లీ నాలుగు నుంచి ఐదు. లోపలికి పోనివ్వరు. నా భార్య పేరు ఉసేనమ్మ. మాది ముస్లిం ఇల్లే, కానీ తాతల నాటి నుంచీ మాట్లాడేది తెలుగు, పేర్లూ అలాగే ఉంటాయి. రెండో పెట్టె మీద చీటీ ఉంది. ఉసేనమ్మ, మగ, 1,450 గ్రాములు. బిడ్డ ఎర్రగా, కాళ్లు తన్నుకుంటూ ఉన్నాడు. అద్దానికి చెయ్యి ఆనించి ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఒకటో పెట్టె మీద హుసేన్‌బీ అని ఉంది. 1,120 గ్రాములు. ఆ బిడ్డకు ముక్కులో గొట్టం. కాసేపటికి పెట్టె దగ్గర మిషన్ కూసింది. నర్సు పరుగున వచ్చి, పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి, బిడ్డ అరికాలి మీద చూపుడు వేలితో కొట్టింది. మళ్లీ కొట్టింది. కూత ఆగింది.

కిందికి దిగి బామ్మర్దికి చెప్పాను. "మనోడు బాగుండాడు. ఆ పక్క పెట్టెలో బిడ్డే నిలిచేట్టు లేదు. మనది కాదులే, అల్లా దయ."

గస్తీలో నేర్చుకున్న మొదటి పాఠం ఎవరినీ నమ్మకపోవడం. పిల్లలను మార్చేస్తారని రైల్లో ఎవరో చెప్పగా విన్నాను. అందుకని చిన్న నోటుబుక్కు పెట్టాను. ఏ నర్సు ఎన్ని గంటలకు వచ్చింది, ఏ పెట్టె తెరిచింది, అన్నీ రాశాను. రెండో రోజు నా బిడ్డ నలభై గ్రాములు తగ్గాడు. పుట్టిన కొత్తలో తగ్గుతారని నర్సు చెప్పింది. ఆ మాట కూడా రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

ఇంకొక మనిషి గురించీ రాశాను. పేరు తెలియక 'గొర్లాయన' అని రాశాను. భుజాన కంబళి, నుదుట విభూతి, దగ్గరికొస్తే గొర్రెల వాసన. పదకొండూ ఐదుకు వచ్చి నా పెట్టె ఎదురుగానే నిలబడ్డాడు. పదకొండూ నలభై దాకా కదలలేదు. సాయంత్రం మళ్లీ వచ్చాడు. నేను అతన్ని చూస్తే అతను నన్ను ఇంకా గుచ్చి చూశాడు.

ఆ సాయంత్రం నాలుగూ పదికి మైకులో పిలుపు. "హుసేన్‌బీ తాలూకు ఎవరండీ?" మూడుసార్లు పిలిచారు. కింద బెంచీల మీద ఇరవై మందిమి ఉన్నాం. ఎవరూ లేవలేదు.

"ఏం మనుషులప్పా," అన్నాను బామ్మర్దితో. "కని పారేసి పోయినారు."

ఆ రోజు ఒకటో పెట్టె మిషన్ నా కళ్లముందు ఏడుసార్లు కూసింది. అది కూడా రాసుకున్నాను.

మూడో రోజు పదకొండుకు గొర్లాయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఓపిక అయిపోయింది. భుజం పట్టుకున్నాను.

"రెండు దినాల్నుంచి నా బిడ్డను చూస్తాండావు. ఎవురు నువ్వు?"

"నీ బిడ్డా? చెయ్యి తియ్యప్పా. అది నా బిడ్డ. పైన నా పెండ్లాం పేరుండాది, చదువుకో."

"ఉసేనమ్మ నా పెండ్లాం."

"నా పెండ్లామూ ఉసేనమ్మే. పీర్లసామికి మొక్కుకుంటే పుట్టింది. మా బత్తలపల్లెలో అడుగు పో."

భుజం మీంచి చెయ్యి తీశాను. మా వీధిలోనే ఇద్దరు హిందువుల ఇండ్లల్లో ఉసేనమ్మలున్నారు. పీర్ల పండగకు నాతో కలిసి నిప్పులు తొక్కినవాళ్ల అక్కలు. అన్నీ అనుమానించాను గానీ ఈ ఒక్కటి తట్టలేదు.

గొడవ విని కింది నుంచి బామ్మర్దీ, వార్డు లోపలి నుంచి ఆయమ్మా వచ్చారు. ఆపరేషన్ గది నుంచి పిల్లల్ని మోసుకొచ్చేది ఆమే. నన్ను పై నుంచి కిందికి చూసి, బూట్ల దగ్గర ఆగింది.

"మిలిటరీ ఆయప్పా నువ్వు? మొన్న పాత పచ్చ బనీనులో చుట్టి ఇచ్చినారే, ఆ బిడ్డను నేనే తెచ్చినా. ఒకటో పెట్టెలో పండబెట్టినా."

పుట్టిన బిడ్డకు చుట్టే మొదటి గుడ్డ పాతదే ఉండాలని మా అత్త నా పాత బనియను తీసుకెళ్లిందని అప్పుడు బామ్మర్ది చెప్పాడు. అయినా నేను నమ్మలేదు. ఆయమ్మదీ బత్తలపల్లే అని ముందురోజే విన్నాను. ఊరివాడికి మంచి బిడ్డను ఇచ్చి, పోయే బిడ్డను నాకు అంటగడుతున్నారనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను. ఆయమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చీటీలు రాసిన గుమాస్తాను పిలిచారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు.

"మీరు ముస్లింలు కదండీ. ఉసేనమ్మ అంటే ఎవరో పలకడం రాక అన్నారనుకున్నాను. హుసేన్‌బీ అని సరిచేసి రాశాను."

అప్పటికి డాక్టరమ్మ కూడా వచ్చింది. నావైపు తిరిగింది.

"నీ బ్లడ్ గ్రూపేంది?"

మా పటాలంలో పేరుతో పాటు గ్రూపు కూడా నోటికి రావాలి. "ఓ పాజిటివ్."

"రెండో బిడ్డది ఏబీ. ఓ గ్రూపు తండ్రికి ఏబీ బిడ్డ పుట్టడప్పా. ఒకటో బిడ్డది ఓ."

ఆ క్షణంలో నాకు రెండో పెట్టె బిడ్డే కావాలనిపించింది. ఇది నా భార్యకు ఇప్పటికీ చెప్పలేదు.

గొర్లాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ బిడ్డ పక్కన నా బిడ్డ ఉండాడు. ఇద్దుర్నీ చూసుకుందాం లే అన్నా," అన్నాడు.

నాలుగో రోజు నుంచి నన్ను లోపలికి తీసుకున్నారు. చేతులు మోచేతుల దాకా కడగాలి. చొక్కా తీసి కుర్చీలో వెనక్కి వాలాలి. ఒంటి వెచ్చదనం తగలాలని బిడ్డను రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డతో కడతారు. తల్లి లేవలేదు కాబట్టి ఆ పని నాది. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు.

"నెలలు తక్కువ కదా, ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడు," అంది నర్సు. "మిషన్ కూస్తే గుర్తుచెయ్యి. అరికాలి మీద ఒక దెబ్బ. గట్టిగా వద్దు."

ఆ అరికాలు నా బొటనవేలంత ఉంది. తొమ్మిదో రోజు వాడి కడుపు ఉబ్బింది. ఐదు రోజులు పాలు ఆపేశారు. సెలవు పొడిగించమని సుబేదార్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఎన్ని రోజులని హిందీలో అడిగాడు. తెలియదన్నాను. "తెలిసినప్పుడు చెప్పు. అందాకా పోస్టు వదలొద్దు," అన్నాడు.

పన్నెండో రోజు నా భార్యను చక్రాల కుర్చీలో తెచ్చారు. కథంతా విని, "నన్ను బీ అనినోడు ఆ గుమాస్తా ఒకడే," అని నవ్వింది. కుట్లు నొప్పి పుట్టి ఆపుకుంది. ఆమె బిడ్డను అందుకున్నప్పుడు నేను ఆయమ్మను వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగాను. "నీ భయం అట్లాంటిదిలేప్పా," అంది.

ముప్పై నాలుగో రోజు 1,680 గ్రాముల బిడ్డతో ముదిగుబ్బ బస్సెక్కాం. మరుసటి వారం పోస్టుకు వెళ్లిపోయాను.

ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఆదివారం మధ్యాహ్నం పక్కన నిద్రపోతుంటే నా వేలు దానంతటదే వాడి కాలి దగ్గరికి పోతుంది. "ఊపిరి ఆడతాండాది లే నాయనా, పండుకో," అని కాలు లాక్కుంటాడు.

మైకులో ఎక్కడ ఏ పేరు పిలిచినా లేచి నిలబడతాను. బ్యాంకులో, ఆసుపత్రిలో, బస్టాండులో. "మనల్ని కాదులే, కూచో," అని నా భార్య చొక్కా పట్టి లాగుతుంది. నేను కూర్చోను. ఆ మనిషి ఎవరో లేచి నడిచేదాకా చూస్తాను. నా కళ్లముందు ఒకటో పెట్టె ఉంటుంది. మిషన్ కూస్తుంటుంది. ఎవరో ఆడమనిషి నా కొడుకు అరికాలి మీద కొడుతుంటుంది. నేను అద్దం ఇవతల నిలబడి, మనది కాదులే అని పక్క పెట్టె వైపు చూస్తుంటాను.