కోట ముందర నీళ్ల కుండ

మా బావ పోయిన నెలలో, ఒక మంగళవారం పొద్దున, కర్నూల్లో తన ఇంట్లోనే కన్నుమూశాడు. మా అక్క భర్త. కాలువల శాఖలో ఓవర్సీరుగా పనిచేసి రిటైరయ్యాడు. డెబ్బై నాలుగేళ్లు. గుండె జబ్బు. పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు.

సంతాప సభ ఒకటి జరిగింది. మాట్లాడిన ముగ్గురూ ఆయనను 'నిరాడంబరుడు' అన్నారు. చనిపోయినవాడి గురించి ఏమీ తెలియనప్పుడు ఈ ఊళ్లో వాడే మాట అది. ఆ ముగ్గురిలో ఒకాయన, 'ముసలాయన కంప్యూటర్లో పిల్లల ఆట ఆడుకుంటున్నాడట' అని ఒకప్పుడు పది మందిలో నవ్వినవాడే. పక్కన నేనున్నాను. నేనూ నవ్వాను. అందుకే ఈ నాలుగు మాటలు నేనే రాయాలి.

ఆట మాట నిజం. ఆయన ఇరవై ఏళ్లు ఒకే ఆట ఆడాడు. ఎడారి ఇసుకలో పూడిపోయిన కోట ఒకటి. ఒంటరి మనిషి దాని లోపలికి దారి వెతకాలి. దాని ఇంగ్లీషు పేరు ఆయన ఎప్పుడూ పలకలేదు. 'కోట' అనేవాడు. 'పొద్దున కోటకు పోయొచ్చినా' అంటే, తెలియనివాళ్లు కొండారెడ్డి బురుజు దాకా నడిచి వచ్చాడనుకునేవారు.

మొదట దాన్ని ఆఫీసులో చూశాడు. ఆఫీసుకు వచ్చిన తొలి కంప్యూటర్ను బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు ఒక ఫ్లాపీ మరిచిపోయి పోయాడు. అందులో ఉంది కోట. బొమ్మల్లేవు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. 'నీ ముందు ఇసుక. ఎడమ పక్క ఎండిపోయిన రాతి తొట్టి.' ఏం చేయాలో రెండు మాటల్లో టైపు చేయాలి. మధ్యాహ్నం క్యారియరు తిన్నాక అరగంట అదే పని. ప్రతి అడుగూ కాలువ సర్వేకు వాడే లెవెల్ బుక్కులో పెన్సిలుతో రాసుకునేవాడు. కోటకు ఆయన గీసిన పటంలో ఉత్తరం గుర్తు ఉంది, కొలతలున్నాయి, కింద సంతకం కూడా ఉంది.

రిటైరయ్యాక ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్నాడు. అప్పటికి అదే ఆట బొమ్మలతో సీడీగా వచ్చింది. మళ్లీ మొదటి నుంచి ఆడాడు. "బావికి గిలక తప్పుగా బిగించినారప్పా. ఆ తాడుతో నీళ్లెట్లా వస్తాయి?" అని నాతో రెండు రోజులు వాదించాడు. చివరికి మూడో ముద్రణ వచ్చింది. కొత్త రంగులు, గాలి చప్పుడు, మాటలు. ఒక మీట నొక్కితే కొత్త బొమ్మ పోయి పాత బొమ్మ వస్తుంది. మనిషి కాసేపు ఊరికే నిలబడితే చాలు, తెర మూలన సలహా ఒకటి వచ్చి పడుతుంది. అది ఆయనకు పరమ చిరాకు. దాన్ని ఆపించి, పాత బొమ్మలోనే ఆడాడు.

"రంగు మార్చినారు గానీ తలుపు ఆడనే పెట్టినారు. అంతవరకు నిజాయితీ ఉండాది వాళ్లకు" అన్నాడు.

"అదే కోట, అదే ఇసుక. ఎన్నిసార్లు బావా?" అన్నాను ఒకసారి.

"ఒక కావ్యానికి మూడు ముద్రణలు పక్కపక్కన పెట్టుకోని, ఈడ ఒక అక్షరం మారింది, ఆడ ఒక పాదం పోయింది అని నువ్వు రాస్తే శాలువా కప్పినారు కదప్పా. నువ్వు చేస్తే పరిశోధన, నేను చేస్తే పిల్లచేష్టనా?"

 

నా భార్య చనిపోయిన ఏడాదంతా నా అంతట నేను గడప దాటలేదు. సాహిత్య మిత్రులు తలా ఒకసారి వచ్చి, రెండోసారి రాలేదు. మా బావ మాత్రం రోజూ వచ్చి, "నాకు కంటి ఆపరేషన్ అయినాది, అక్షరాలు కనపడవు. వచ్చి చదువు" అని చేయి పట్టుకుని లాక్కుపోయేవాడు. టిఫిన్ తిన్నాక ఇద్దరం కరెంటు పోయేదాకా కోటలో తిరిగేవాళ్లం. ఆయనకు అక్షరాలు బాగానే కనపడేవని చాలా రోజుల తర్వాత అక్క చెప్పింది.

ఇరవై ఏళ్లూ ఆయన ఒక్కచోటే ఆగిపోయాడు. ఆటలోని మనిషి లోతైన బావి నుంచి ఎంతో కష్టపడి ఒక కుండ నీళ్లు తోడుకుని కోట ముందరికి వస్తాడు. ఆ నీళ్లతో ఏం చేయాలి? మా బావ రాతి తొట్టిలో పోశాడు, మళ్లీ ముంచుకున్నాడు. రాతి గుర్రం నోటికి అందించాడు. కావలివాడి అస్థిపంజరం ముందు పెట్టాడు. అన్నీ వరుస నంబర్లతో లెవెల్ బుక్కులో ఉన్నాయి, అరవై మూడు ప్రయత్నాలు. తలుపు తెరుచుకోలేదు.

జవాబు నాకు తెలుసు. మూడో ముద్రణను హైదరాబాదు నుంచి తెచ్చింది నేనే. డబ్బాలో జవాబుల పుస్తకం ఉంటే బస్సులోనే చదివేశాను. చేతిలో అచ్చు కాగితం ఉంటే చదవకుండా ఉండలేను. ఆ నీళ్లు ఇసుకలో పారబోయాలి. అంతే. ఇసుక కుంగుతుంది, కింద మెట్లు బయటపడతాయి.

అది ఆయనకు తట్టలేదు. తట్టదు. ముప్పై ఏళ్లు కాలువ గట్టు మీద నడిచిన మనిషి. గండి పడి ఒక మడికి సరిపోయే నీళ్లు ఇసుకలోకి పోతే రెండు రోజులు అన్నం సరిగా తినేవాడు కాదు. మా ఇంట్లో గ్లాసెడు నీళ్లిస్తే సగం తాగి, మిగిలిన సగం పట్టుకుని పెరట్లోకి పోయి కరివేపాకు చెట్టుకు పోసి వచ్చేవాడు.

పుస్తకం ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ దగ్గరే పెట్టుకో. నేను అడిగినా చెప్పొద్దు" అన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద నా వ్యాసాల పుస్తకం ఆవిష్కరణ జరిగింది. బంధువుల తరఫున మాట్లాడమంటే మా బావ లేచి, "మూడు పేజీలు చదివినా. నాలుగో పేజీకి పోయేదానికి దారి కనపడల్యా" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వును నేను పదకొండేళ్లు దాచుకున్నాను.

పోవడానికి మూడు రోజుల ముందు ఆయన మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి, "ఏమప్పా, ఆ కుండ నీళ్లు ఏం చేయాల్నో ఆ పుస్తకంలో ఉండాది కదా?" అన్నాడు.

"ఉండాది."

"చెప్పు."

ఒక్క మాట చాలు. కానీ నా నోటికి వేరే మాట వచ్చింది. "మూడు పేజీలు చదివినా బావా. నాలుగో పేజీకి పోయేదానికి దారి కనపడల్యా."

ఆయన నా ముఖం వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇంగా మర్చిపోలేదా నువ్వు! శానా లోతులో పూడ్చి పెట్టినావే. సరే, రేపొచ్చి చెప్పు."

మరునాడు నేనొక సభకు పోయాను. అక్కడ ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ తర్వాతి రోజు ఎండ ఎక్కువని కదల్లేదు. మంగళవారం పొద్దున ఫోను వచ్చింది.

పెద్దకర్మ అయిపోయి బంధువులంతా వెళ్లాక, అక్కకు ఈ సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, "చెప్పినా పోసేటోడు కాదులేరా మీ బావ" అంది. "ఇసుకలో నీళ్లు పొయ్యమంటే, నీ కోటా వద్దు ఏమీ వద్దని కుండెత్తుకోని ఎనక్కి వచ్చేటోడు."

అది ఓదార్పో, నిజమో తెలియదు. ఆమె వంటింట్లోకి పోయాక నేను కంప్యూటర్ ఆన్ చేసి కోట తెరిచాను. లెవెల్ బుక్కు పక్కనే ఉంది. అరవై నాలుగు అని నంబరు వేసి ఉంది. ఎదురుగా ఏమీ రాసి లేదు. తెర మీద ఆయన వదిలిన చోటే ఆ మనిషి నిండు కుండతో నిలబడి ఉన్నాడు. పాత బొమ్మ నా కళ్లకు ఆనలేదు. మీట నొక్కి కొత్త బొమ్మలోకి మార్చాను. కుండను ఇసుక మీద వంచాను.

కొత్త ముద్రణలో నీళ్లకు చప్పుడు పెట్టారని నాకు తెలియదు. ధారగా పడింది. ఆగకుండా పడింది.

"ఎవురురా కొళాయి ఇప్పి పెట్టింది? నీళ్లన్నీ పోతాండాయి!" అని అక్క వంటింట్లోంచి పరుగున వచ్చింది. గది మధ్యలో ఆగిపోయింది. తెర వైపు చూసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, మెల్లగా నా కుర్చీ వెనక వచ్చి నిలబడింది.

ఇసుక నల్లబడింది. నీళ్లన్నీ ఇంకిపోయాయి. ఇసుక కుంగి మొదటి మెట్టు కనబడింది. ఆ మనిషి ఖాళీ కుండ పట్టుకుని మెట్టు ముందర నిలబడ్డాడు. కిందికి దిగమని మేమిద్దరం చెప్పలేదు. కరెంటు పోయేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడు.