మూల దగ్గర ఆగిన గీత

మా పక్క పోర్షన్‌లో తొమ్మిదేళ్లు కిరాయికి ఉన్న సారు మంగళవారం పొద్దున దవాఖానాలో పోయారు. ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. విన్నాక కూడా కడుగుతూనే ఉన్నాను. ఇంకా ఏడుపు రాలేదు.

మా వీధిలో చాలామందికి ఆయన కూరగాయల సంచిలో కాగితాలు పెట్టుకుని తిరిగే పెద్దాయనగానే తెలుసు. రిటైరైన ఇంజనీరు. సొరంగం తవ్వితే చుట్టూ ఉన్న రాయి బరువును ఎంతవరకు ఓర్చుకుంటుందో కంప్యూటర్‌లో లెక్క కట్టేవారు. చూపు తగ్గాక అంకెలు ఎక్కించడం నాకు నేర్పారు. పదో తరగతి చదువు చాలదేమో అన్నాను. గుట్టనంతా ముక్కలు చేయక్కర్లేదని, సొరంగం అంచును మాత్రం చిన్న ముక్కలుగా చేసి ఒక్కో బిందువూ ఎక్కిస్తే చాలని చెప్పారు. సొరంగం కుడిచేతి వైపు ఉండేలా చుట్టి, మొదలుపెట్టిన చోటికే రావాలి.

"ప్రదక్షిణమే కదా సారూ" అన్నాను.

"అవ్. మధ్యల ఆపొద్దు, అంతే."

అప్పటినుంచి స్నానం చేశాకే ఆ పనికి కూర్చునేదాన్ని. సారు నవ్వేవారు గానీ, తానూ చెప్పులు బయటే విడిచి వచ్చేవారు.

ఒక్కసారి వచ్చిన జవాబును ఆయన నమ్మరు. నలభై ముక్కలతో చేసిన లెక్కను ఎనభైతో మళ్లీ చేయించేవారు. మొన్నటి సొరంగానికి గోడ మధ్యలో రెండు జవాబులూ కలిశాయి. గోడ పైకప్పును కలిసే మూల దగ్గర కలవలేదు. సొరంగం తవ్వించే కాంట్రాక్టరు మనిషి విసుక్కున్నాడు.

"మూలకాడ గంత తేడా ఎవరు చూస్తరు సార్?"

"ఆ మూల కింద నిలబడేటోడు చూస్తడు" అన్నారు సారు. లెక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. నూట అరవై ముక్కలతో చేద్దామన్నారు. నూట యాభై రెండు దాకా ఎక్కించేసరికి ఆయనకు ఊపిరి అందక దవాఖానాకు తీసుకెళ్లాం.

సోమవారం చూడటానికి వెళ్తే, "మూలకాడ సరిపోయిందా అమ్మా?" అని అడిగారు. సరిపోయిందన్నాను.

"రెండోసారి చూసినవా?"

"చూసిన సారూ."

ఆయన కళ్లు మూసుకున్నారు. తలమీద వేద్దామని భద్రాచలం నుంచి తెచ్చిన అక్షింతలు నా చేతిలోనే ఉన్నాయి. వేయలేకపోయాను.

నిన్న కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. లెక్క సరిపోయిందని సోమవారం సాయంత్రం సారే ఫోన్ చేసి చెప్పారట. ఆ లెక్క కాగితం ఇమ్మన్నాడు.

"లెక్క కాలేదయ్యా. సారుకు నేనే అబద్ధం చెప్పిన. ఇంకో ఇంజనీరుతోటి చేయించుండ్రి. అప్పటిదాక లోపలికి ఎవర్నీ పంపకుండ్రి."

నా గొంతు చిన్నది. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అతను వెళ్లాక సారు గది తెరిచి కంప్యూటర్ ఆన్ చేశాను. తెరమీద సొరంగం గీత చుట్టూ తిరిగి వచ్చి, మూల దగ్గర ఆగి ఉంది. ఇంకా ఎనిమిది బిందువులు. గుమ్మం బయట ఆయన చెప్పులు ఉన్నాయి.