ఆరున్నొక్కటి మట్టయ్య

మా సూర్యాపేట మట్టయ్య ఏడు అనడు. ఆరు అంటాడు, ఎనిమిది అంటాడు, నడుమ ఉన్నదాన్ని మాత్రం "ఆరున్నొక్కటి" అంటాడు. ఇంకొకరికైతే అది అలవాటు కింద చెల్లిపోయేది. మట్టయ్య బాక్సింగు రెఫరీ కాబట్టి మూడు ఊళ్ళకు తగాదా అయింది.

తప్పు గంజిదని, అంటే ధాన్యం బజారుదని, అందరం అనుకున్నాం. మట్టయ్య గంజిలో ధాన్యం కొలిచేవాడు. అక్కడ మొదటి కుంచాన్ని ఒకటి అనరు, "లాభం" అంటారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని "ఆరున్నొక్కటి" అంటారు. వడ్ల విషయంలో ఇది శుభమే. కానీ దవడ మీద గుద్దు తిని వెల్లకిలా పడ్డవాడి మీదికి ఒక తెల్లచొక్కా మనిషి వంగి "లాభం!" అని మొదలుపెడితే, ఆ లాభం ఎవరిదో పడ్డవాడికి వెంటనే అర్థం కాదు.

మట్టయ్య మొదట బాక్సరే. సికింద్రాబాదుకు బియ్యం బండ్లు తోలుకుపోయి, అక్కడి సిపాయిల దగ్గర గుద్దులు తినడం నేర్చుకున్నాడు. గుద్దడం నేర్చుకునేలోగా బండ్లు ఖాళీ అయిపోయేవి. ఆయన క్రీడాజీవితం మిర్యాలగూడలో, పట్నం నుంచి వచ్చిన రెఫరీ ఎదుట, ఒకే సాయంత్రం వికసించి అదే సాయంత్రం రాలిపోయింది. పడ్డాడు. పది లెక్కపెట్టినా లేవలేదు. తర్వాత తానే రెఫరీ అయ్యాడు. బాక్సింగు రెఫరీకి ఈల ఉండదని మాకెవరూ చెప్పలేదు గనుక ఈల కూడా కొన్నాడు. బడిపంతులునైన నేను బడిగంట మోసుకెళ్ళి రౌండు రౌండుకూ కొట్టేవాణ్ణి. ఆ గంట వినగానే కొందరు బాక్సర్లు ఇంటికి బయలుదేరబోయేవారు.

పోలీసు చర్య జరిగిన మరుసటి సంవత్సరం, కోదాడ పోటీలో తగాదాకు నిప్పు అంటుకుంది. మా హమాలీ సైదులు పడ్డాడు. మట్టయ్య "ఆరు... న్నొ... క్కటి" అనేలోగా లేచాడు. లేచి, కోదాడ పాపయ్యను పడగొట్టి గెలిచాడు. పాపయ్య మేనమామ దుర్గయ్య తాళ్ళు ఎక్కి బరిలో దూకాడు.

"మా ఏడు ఏమైందయ్యా? ఎక్కడ దాచావయ్యా?"

"దాసలే. ఆరున్నొక్కటి అన్న గద."

"అది ఏడా? ఒక అంకె మింగేసి, దాని జాగాలో పాట పాడావు!"

మళ్ళీ పోటీ పెట్టాలని కోదాడవాళ్ళు పట్టుబట్టారు. మిర్యాలగూడలో రైసుమిల్లు వారి అబ్బాయి, పట్నంలో చదివి వచ్చిన జగన్మోహన్, పోటీల కార్యదర్శి. వాళ్ళ మిల్లు ముందు వడ్లు ఆరబోసే బండల మీదే బరి కట్టించాడు. ఎంత ఊడ్చినా బండల మీద వడ్లు మిగిలే ఉన్నాయి. ఆయన కొత్త బూట్లు వాటి మీద కిర్రుకిర్రుమంటున్నాయి.

"మట్టయ్యా, నీకు పిల్లలెంతమంది?"

"ఏడుగురు సార్."

"మరి నోరు తిరుగుతున్నది గదా!"

"ఇంట్ల తిరుగుతది సార్."

"ఇయ్యాల ఇక్కడ గూడ తిరగాలె. ఒకటి నుంచి పది దాకా, పుస్తకంల ఉన్నట్టు. ఏడు రాలేదో, ఆ ఈల నాకిచ్చి గంజికి పో. మళ్ళ ఈ మూడు ఊళ్ళల్ల బరి ఎక్కుడు బంద్."

మట్టయ్య ఈలను పిడికిట్లో దాచుకున్నాడు. కుంచం చేతిలో ఉంటే ఆయన్ని గంజిలో "అరే" అనేవారు. ఈల మెడలో ఉంటే "మట్టయ్యగారూ" అనేవారు. మనిషికీ మర్యాదకూ మధ్య ఉన్నది ఆ దారం ముక్కే.

గంట కొట్టాను. జనం పిడికిళ్ళు బిగించి కూర్చున్నారు. రెండో రౌండులో సైదులు కుడిచెయ్యి విసిరాడు. పడింది ఈసారి పాపయ్య.

దుర్గయ్య నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు. ఏడు కావాలని ఊరంతా తిరిగి అడిగింది తనే. ఇటు మావాళ్ళు లేచి నిలబడ్డారు. "ఏడనాలె! ఇయ్యాల ఏడనాలె!"

మట్టయ్య వంగాడు.

"ఒకటి," అన్నాడు.

లాభం పోయింది! గంజి అలవాటు అంత సుళువుగా వదిలిపోతుందని నేను కలలో కూడా అనుకోలేదు. జగన్మోహన్ సంతృప్తిగా తల ఊపాడు. రెండు, మూడు, నాలుగు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే నడిచాయి. పాపయ్య పెదవి చిట్లింది. కళ్ళలో నీళ్ళు నిలిచి, రాలాలా వద్దా అని చూస్తున్నాయి.

"ఆరు."

మట్టయ్య ఆగాడు. మిల్లు కూడా ఆగినట్టనిపించింది. ఆయన జగన్మోహన్ వంక చూశాడు, ఈల వంక చూశాడు, పాపయ్య ముఖం వంక చూశాడు.

"ఆరున్నొక్కటి," అన్నాడు మెల్లగా.

ఎనిమిదికి పాపయ్య లేచాడు. చివరికి ఓడాడు, కానీ కాళ్ళ మీద నిలబడి ఓడాడు. దుర్గయ్య అతన్ని కావలించుకున్నాడు. ఏడు సంగతి ఎత్తలేదు.

జగన్మోహన్ చెయ్యి చాచాడు. మట్టయ్య ఈల తీసి ఇచ్చాడు.

"లాభం ఇడిసిపెట్టినవ్ గదా. ఏడుకేం అడ్డమొచ్చింది?"

"వడ్లకు సెవులుండయి సార్. గంజిల ఏదన్నా ఒకటే. గీడ మనిషి పడ్డడు. నోట్ల నెత్తురు, సుట్టూ ఊరు. వాని మొకంల మొకం పెట్టి 'ఏడు' అని నేనెట్ల అంటా? నాకొకపారి అన్నరు, గీ ఊళ్ళనే."

"ఎవరు?"

"పట్నం రెఫరీ సాబ్. ఆరు దాకా మంచిగనే ఉన్న. లేద్దామని మోచెయ్యి గూడ ఆనిచ్చిన. గంతల 'ఏడు' అన్నడు."

"అంటే?"

"పెద్దమనిషి మాట తీసెయ్యొద్దని ఏడ్సిన."

జగన్మోహన్ నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. "అయినా సరే, రూలు రూలే," అని గంభీరంగా వెనక్కి తిరిగాడు. కొత్త బూట్లు వడ్ల మీద జర్రున జారాయి. మూడు ఊళ్ళ జనం ఎదుట, పోటీల కార్యదర్శి వెల్లకిలా పడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ధైర్యం చాలలేదు. మట్టయ్య మాత్రం వెళ్ళి వంగాడు. ఉద్యోగం పోయింది గనుక ఇక భయం లేదు.

"లాభం!" అన్నాడు.

జగన్మోహన్ ఐదుకు మోచెయ్యి ఆనించాడు. ఆరుకు మోకాలి మీద ఉన్నాడు. లేవచ్చు, కానీ లేవలేదు. తల పక్కకు వంచి మట్టయ్య నోటివంక చూస్తూ ఆగాడు.

"ఆరున్నొక్కటి."

అప్పుడు లేచాడు. దుమ్ము దులుపుకుని, ఈలను చొక్కాకు తుడిచి, తన చేత్తోనే మట్టయ్య మెడలో వేశాడు.

"మొదటిది మాత్రం ఒకటే అను మట్టయ్యా," అన్నాడు నడుం పట్టుకుని. "నాకైతే ఏం లాభం కనబడలే."