డిస్కు పట్టని పెట్టె

మా ముందుగది గచ్చు మీద రక్తం పడిన పూట నేను పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్నాను. గొడవ దేనికోసమో చెబితే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. టీవీకి తగిలించి ఆడుకునే ఒక పెట్టె కోసం.

మా ఇల్లు ఉస్మాన్‌గంజ్ వెనక గల్లీలో. ముందుగదిలో మా మనవడు వీడియో గేముల దుకాణం పెట్టాడు. గంటల లెక్కన కిరాయి. గంజ్‌లో మూటలు మోసేవాళ్లు, నయాపూల్ కోర్టు దగ్గర టైపు కొట్టేవాళ్లు పని ముగించుకుని వచ్చి, తెర మీద ఒకళ్లనొకళ్లు కాల్చుకునేవాళ్లు, తన్నుకునేవాళ్లు. నోళ్లు మంచివి కావు. లోపల్నుంచి నేనొకసారి దగ్గితే సద్దుమణిగేవి. వాడికి అదొక్కటే బతుకుతెరువు. ఆ గది మూతపడితే వాడూ పోయి మూటలెత్తాలి. వాడి నడుము అందుకు పనికిరాదు.

దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. దాన్ని జమ అనేవాళ్లు. రోజూ వచ్చేవాడు తను కొన్న ఆట డిస్కు తెచ్చి అక్కడ ఉంచాలి. దాంతో అందరూ ఆడొచ్చు, ఇచ్చినవాడికి కిరాయి సగమే. ఒక్కడు కొన్నది పదిమందికి పనికొస్తోంది కదా అని నాకా పద్ధతి నచ్చింది. డిస్కులు దాచుకోమని నా బియ్యం డబ్బా ఖాళీ చేసి ఇచ్చాను.

అంతలో కంపెనీవాళ్లు అదే పెట్టెను కాస్త పెంచి మళ్లీ దించారు. పేరూ అదే, చివర ప్రో అని తగిలించారు. ఇక ముందుగదిలో రోజూ దాని గురించే.

"అదే ఆట, అదే బొమ్మ. గడ్డి జర ఎక్కువ పచ్చగ కనవడ్తదంట. గడ్డి మేస్తవా ఏంది?" అన్నాడు టైపు కొట్టేవాడొకడు.

"నీ కండ్లకేం తెలుస్తది భాయ్. అఫ్జల్‌గంజ్ గేముల దుకాణంల నేను చూసిన. మస్తు సాఫ్ ఉంది. ఇంక గీ పాత డబ్బాల ఆడితే ఇజ్జత్ పోతది." ఈ మాటన్నవాడు మూటలు మోస్తాడు. ఆటలో వాణ్ని ఓడించినవాడు లేడు. చెయ్యి కూడా దురుసు.

"ఇజ్జత్ కిరాయికి దొరకదు పో."

అంతే, మూటలవాడు లేచి వాడి కాలర్ పట్టుకుని గోడకేసి గుద్దాడు. గుండీలు తెగి గది నిండా పడ్డాయి. నేను ఒక్కొక్కటే ఏరి నా దారాల డబ్బాలో వేసుకున్నాను. అవి పనికొస్తాయి.

ఆ తర్వాత ఒక్కొక్కరే అఫ్జల్‌గంజ్ దారి పట్టారు. మనవడి ముఖం వాడిపోయింది.

"ఉన్నది నడుస్తలేదా?" అని అడిగాను.

"అది నడుస్తనే ఉంది నాయినమ్మా. మనుషులే నడిచిపోతున్నరు."

పాతదాన్ని మార్పిడికిచ్చి కొత్తది తెచ్చాడు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోశాడు. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. కొత్త పెట్టెకు డిస్కు పెట్టే సందు లేదు. ఆటలు ఇంటర్నెట్‌లో మళ్లీ కొనుక్కోవాలి. కాదంటే డిస్కు తిప్పే భాగం విడిగా అమ్ముతారట. మిక్సీ కొన్నవాణ్ని జారు వేరే కొనుక్కోమన్నట్టు. ముందు బోణీ కానిచ్చి, జమ సంగతి మెల్లగా చెబుదామని వాడి ఆలోచన.

మూటలవాడు అందరికంటే ముందొచ్చాడు, మిగతావాళ్లు వెనకాలే చేరారు. బోణీ తన డిస్కుతోనే కావాలన్నాడు. మనవడు చాయ్ తెస్తానని బయటికి పోయాడు. మూటలవాడు డిస్కు పట్టుకుని పెట్టె చుట్టూ చూశాడు. నడుమ నల్లటి గాట్లు కనిపించాయి, గాలి ఆడటానికి పెట్టినవి. సందు అదే అనుకున్నాడు. కొత్తది కదా, బిగువుగా ఉంటుందనుకుని, మూటలెత్తే అరచేత్తో ఒక్క తోపు తోశాడు. డిస్కు రెండు ముక్కలైంది. లోపల ఫ్యాను గరగర విరిగింది.

చాయ్ గ్లాసులతో మనవడు గుమ్మంలోకొచ్చాడు.

"ఏం జేసినవ్‌రా?"

"సందేది? సందు లేని డబ్బా తెచ్చి మా డిస్కులు మింగుదమనుకున్నవా?"

మనవడు చెంప మీద కొట్టాడు. మూటలవాడు చేతికందిన ఆట రిమోటుతో మనవడి కనుబొమ మీద కొట్టాడు. చర్మం చీలింది. ఇదంతా తర్వాత విన్నదే. అప్పుడు పెరట్లో నాకు మాటలు వినపడలేదు, బల్ల విరిగిన చప్పుడు వినపడింది. బట్టలు బాదే కట్టె చేతిలో ఉండగానే పరుగెత్తాను.

వైర్లు కాళ్లకు చుట్టుకుని మూటలవాడు వెల్లకిలా పడి ఉన్నాడు. మనవడి చేతిలో షట్టరు దించే ఇనుప కడ్డీ, తలకంటే పైన. ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. మిగతా వాళ్లు గోడకు అతుక్కుని చూస్తున్నారు, ఒక్కడూ కదల్లేదు. ఆగమన్నాను. మనవడికి వినపడలేదు. ఆ కడ్డీ దిగితే ఒకడు చస్తాడు, ఇంకొకడు జైలుకు పోతాడు. రెండు చేతులా కట్టె ఎత్తి మనవడి మణికట్టు మీద కొట్టాను. తడి బట్ట మీద కట్టె పడితే వచ్చే చప్పుడు నాకు తెలుసు. ఇది ఆ చప్పుడు కాదు.

కడ్డీ జారిపడి గచ్చు పెచ్చు లేచింది. కిందివాడు లేవబోయాడు. వాడి భుజం మీద కూడా ఒకటి వేశాను.

"కదిలితే నీది గూడ విరుగుతది."

వాడు కదల్లేదు.

ఆసుపత్రికి మూటలవాడే ఆటో పిలుచుకొచ్చాడు. మనవడి చెయ్యి ఎలా విరిగిందని డాక్టరు అడిగితే, "కింద పడ్డడు సార్," అన్నాడు.

"పడలే. నేనే కొట్టిన," అన్నాను.

డాక్టరు రాయడం ఆపి నా వైపు చూశాడు. "ఎందుకమ్మా?"

"ఇంకో దెబ్బ పడకుండ."

చేతికి కట్టు వేశారు, కనుబొమకు కుట్లు పడ్డాయి. దుకాణం మాత్రం మూతపడలేదు. పెట్టె బాగుచేయించారు. డిస్కు తిప్పే భాగం జమ వాళ్లంతా కలిసి తెచ్చారు, కంపెనీని అమ్మనాబూతులు తిట్టుకుంటూనే. రోజూ పొద్దున మూటలవాడే వచ్చి షట్టరు ఎత్తి, నన్ను చూడకుండా పనికి పోయేవాడు.

మనవడు నాతో మాట్లాడలేదు. విరిగింది కుడి చెయ్యి. అన్నం నేనే కలిపి పెట్టాల్సి వచ్చింది. ముఖం గోడ వైపు తిప్పుకునే నోరు తెరిచేవాడు. మంచిదే, గోడ వైపు తిరిగైనా తింటున్నాడు. జైల్లో అయితే ఎవరు పెడతారు? బతిమాలడం నాకు రాదు, బతిమాలలేదు.

ఒక మధ్యాహ్నం పప్పన్నం ముద్ద మింగి గోడతోనే అన్నాడు. "ఉప్పు తక్కువైంది."

"గంతే ఉంటది. తిను," అని ఇంకో ముద్ద పెట్టాను.